జిగ్‌జాగ్ వేసినా తిరిగొచ్చిన మూడు జాకెట్లు: ఒక కేస్ స్టడీ

నేను నెల్లూరులో జాకెట్లు కుడతాను, బ్యాచ్‌లుగా కుట్టు నేర్పిస్తాను. నా దగ్గర నేర్చుకొని ఊళ్ళో సొంతంగా కుట్టుకుంటున్న ఆడవాళ్ళు ఏదైనా చిక్కు వస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. అట్లా వచ్చిన ఒకామె కేసు ఇది. ఆమె పేరు, ఊరు, ఆ జాకెట్లు ఎవరివన్నది రాయడం లేదు. పోగులు ఊడకుండా కోసిన అంచుకు జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకర్లు తిరిగే కుట్టు) వేసే విషయంలో మూడు వేరువేరు లోపాలు ఒకే లోపంలా కనిపించి, ఒకే మందుకు లొంగకపోవడం వల్ల దీన్ని రాసిపెట్టాలనిపించింది.

నేపథ్యం

ఆమెది పెన్నకు అవతల, కోవూరు వైపు పల్లె. చాలా ఏళ్ళుగా కాలు మిషన్ మీద కుడుతోంది. చేతిలో పనితనం ఉంది, కొలత తప్పదు, కప్పు బాగా కూర్చుంటుంది. లేనిదల్లా అంచులకు ఓవర్‌లాక్, అంటే వేరే మిషన్ మీద అంచు చుట్టూ దారం అల్లే కుట్టు. కాలు మిషన్ నేరు కుట్టు తప్ప ఇంకోటి వేయదు కాబట్టి, కుట్టిన జాకెట్లు మూటగట్టి టౌనుకు తెచ్చి ఓవర్‌లాక్ వేయించుకుపోయేది. దానికి సగం రోజు, బస్సు ఛార్జీలు. పెళ్ళిళ్ళ సీజన్లో ఓవర్‌లాక్ షాపువాళ్ళు "రేపు రామ్మా" అంటే ఇంకో సగం రోజు. అందుకే జిగ్‌జాగ్ ఉన్న చిన్న కరెంటు మిషన్ కొనుక్కుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. జిగ్‌జాగ్ అంటే ఓవర్‌లాక్‌కు చవక నకలు అనుకుంటారు గానీ, జిగ్‌జాగ్ కుట్టుకు అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1873లో. ఓవర్‌లాక్ ఆ తర్వాత వచ్చింది.

జాకెట్టుకు అంచు ఎందుకంత ముఖ్యమో కుట్టనివాళ్ళ కోసం ఒక మాట. మన జాకెట్టుకు పక్కల లోపల ఒకటిన్నర అంగుళం దాకా మార్జిన్ వదిలి, వరసగా రెండు మూడు కుట్లు వేస్తాం. మనిషి కాస్త ఒళ్ళు చేస్తే ఒక కుట్టు విప్పుకుంటుంది. ఆ మార్జినే ఆ జాకెట్టు ఆయుష్షు. అంచు నుంచి పోగులు ఊడుతూ వస్తే పోయేది ఆ మార్జినే. పైకి ఏమీ తెలియదు, విప్పాల్సిన రోజు చూస్తే లోపల బట్టే ఉండదు. రోహిణి కార్తె ఎండల్లో మా దగ్గర జాకెట్టు ఒక పూటకే చెమటకు తడిసి ఉతుక్కు పడుతుంది. ఉతికిన కొద్దీ ఊడుతుంది.

వచ్చిన సమస్య

కొత్త మిషన్ మీద కుట్టిన జాకెట్లు తిరిగి రావడం మొదలైంది. అందులో మూడు తీసుకొని వచ్చింది. టేబుల్ మీద పెట్టి, "అక్కా, మిషనే తేడాగా ఉంది. అమ్మేసి మళ్ళీ ఓవర్‌లాక్‌కే పోతా. జనానికి మొకం చూపించలేకపోతన్నా" అంది. "అమ్మే సంగతి తర్వాత చూద్దాం, ముందు లోపల తిప్పు" అన్నాను. మూడింటినీ తిరగేసి పక్కపక్కన పరిచాం.

మొదటిది వెంకటగిరి నూలు జాకెట్టు, లోపల టూబైటూ లైనింగ్. వెంకటగిరి 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు అది ఇంకా నెల్లూరు చీరే. వంద కౌంట్ నూలు, చాలా పల్చన. దీని అంచు ఊడలేదు. కాకపోతే జిగ్‌జాగ్ కింద బట్ట లోపలికి ముడుచుకొని, సన్నటి తాడులా గట్టిపడింది. చంకలో గుచ్చుకుంటోందని ఫిర్యాదు.

రెండోది పట్టు జాకెట్టు. దీనిలో జిగ్‌జాగ్ కుట్టు కుట్టుగానే ఉంది, తెగలేదు. కానీ బట్ట నుంచి మొత్తంగా జారి, నాలుగైదు నిలువు పోగులను పట్టుకొని దండలా వేలాడుతోంది. దాని వెనక అంచు కుచ్చులా విచ్చుకుంది. ఒకటిన్నర అంగుళం మార్జిన్లో మిగిలింది సగం.

మూడోది టిష్యూ పట్టు. వీపు వైపు పక్క కుట్టు వెంబడి బట్ట పల్చబడి లైనింగ్ కనిపిస్తోంది. దూరం నుంచి చూస్తే ఇది కూడా ఊడిపోవడమే అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అంచున జిగ్‌జాగ్ చెక్కుచెదరలేదు, మార్జిన్ పూర్తిగా ఉంది. పోగులు విడిపోయింది కుట్టు పక్కన, మనిషి ఒంటి వైపు.

మిషన్ తప్పా కాదా

మూడు జాకెట్లను పక్కనబెట్టి మిషన్ సంగతి ముందు తేల్చాలనుకున్నాను. ఆమె మనసులో నేరం మిషన్ మీద ఉంది. అది నిజమైతే మిగతా ఆలోచనంతా దండగ. కాదని తేలితే ఆమె మిషన్ అమ్ముకోకుండా ఆగుతుంది.

పాప్లిన్ ముక్క రెండు మడతలు పెట్టి, పైన ఎర్రదారం, బాబిన్లో నీలం వేసి జిగ్‌జాగ్ నడిపించాను. రెండు రంగులు వేస్తే టెన్షన్, అంటే దారం బిగుతు, కంటికి కనబడుతుంది. జిగ్‌జాగ్‌లో పైదారం మలుపుల దగ్గర కిందివైపు కొద్దిగా తొంగిచూడాలి, అది మామూలే. నీలం పైకి వస్తే పైదారం బిగుతు ఎక్కువైనట్టు. ఆమె పెట్టిన సెట్టింగుల్లో ప్రతి మలుపులో నీలం పైకి వచ్చింది. డయల్ తగ్గించగానే పోయింది. అంటే మిషన్ చెప్పినట్టు వింటోంది, చెప్పింది తప్పు.

తర్వాత ఆమె చేత్తోనే ఒక ముక్క కుట్టించి చూస్తూ కూర్చున్నాను. సూది 16 నంబరుది, కాలు మిషన్ మీద వాడే అలవాటుతో పెట్టుకుంది. కుట్టు వెడల్పు చివరిదాకా 5, పొడవు 3. అన్నిటికన్నా ముఖ్యమైనది, బట్ట అంచును ఫుట్ (సూది దగ్గర బట్టను నొక్కిపట్టే భాగం) కింద బాగా లోపలికి పెట్టి, అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలేసి కుడుతోంది. ఎందుకని అడిగాను. "అంచు మీద వేస్తే ముడుచుకుపోతందక్కా, అందుకని లోపలికి జరిపా" అంది. ఆమె తెలియక చేసింది కాదది. ఒక ఇబ్బంది నుంచి తప్పించుకోబోయి ఇంకో ఇబ్బందిలో పడింది. టెన్షన్ ఎక్కువగా ఉండి అంచు ముడుచుకుంటే టెన్షన్ తగ్గించాలి గానీ కుట్టును జరపకూడదు. జరిపితే కుట్టుకు బయట మిగిలిన బట్టను పట్టుకునేది ఏదీ లేదు.

జిగ్‌జాగ్ అంచును ఎలా పట్టుకుంటుందో ఆమెకు చెవితో నేర్పించాను. సూది ఎడమవైపు బట్టలోకి దిగాలి, కుడివైపు అంచు దాటి గాలిలో దిగాలి. అప్పుడే దారం అంచు చుట్టూ మెలిక తిరుగుతుంది. బట్టలో దిగితే ఒక చప్పుడు, గాలిలో దిగితే ఇంకో చప్పుడు. రెండూ మారి మారి వినపడుతుంటే సరిగ్గా పోతున్నట్టు. ఒకే చప్పుడు వస్తుంటే కుట్టు లోపలికి జరిగినట్టు. కొంతసేపటికి ఆమె ఫుట్ వైపు చూడకుండానే చెప్పగలిగింది.

నూలు జాకెట్టుకు చేసినవి

ముందు తేలికైనవి: సూది 11కి మార్చాం, టెన్షన్ తగ్గించాం, వెడల్పు మూడున్నరకు, పొడవు 2కు తెచ్చాం. వెడల్పు ఎందుకు తగ్గించామంటే, కుట్టు ఎంత వెడల్పుగా ఉంటే దారం రెండు కొసలనీ అంత దూరం నుంచి దగ్గరికి లాగుతుంది. పల్చటి బట్టకు ఆ లాగుడును ఆపే బలం ఉండదు. ఫలితం కొంతే. బట్ట, లైనింగ్ కలిసిన చోట బాగుంది, ఒంటి పొర మీద ఇంకా ముడుచుకుంటోంది.

గంజి పెట్టి చూశాం. అంచున పల్చగా గంజి రాసి ఇస్త్రీ చేస్తే నూలుబట్ట కాగితంలా నిలబడింది, జిగ్‌జాగ్ చక్కగా పడింది. కానీ ప్రతి ముక్కకూ రాసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలంటే ఓవర్‌లాక్ షాపుకు పోయి రావడమే నయం. పట్టు మీద మరక పడుతుందని అక్కడ అసలు తలపెట్టలేదు. అడుగున పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేసే పద్ధతి కూడా ఉంది. పొడవు 2 ఉన్న కుట్ల మధ్య నుంచి కాగితం లాగుతుంటే కుట్లే వదులయ్యాయి. ఒకటీ అరా జాకెట్టుకైతే పనికొస్తుంది, రోజువారీ కుట్టు పనికి పనికిరాదు.

ఆమె మిషన్‌తో వచ్చిన డబ్బాలో వాడకుండా పడేసిన ఒక ఫుట్ ఉంది, కుడిపక్క మధ్యలోకి సన్నటి ఇనుప పుల్ల పొడుచుకొని ఉండేది. దాన్ని తీసి చూపించాను. ఓవర్‌లాక్ మిషన్లో అంచు ఎప్పుడూ చదునుగా ఎందుకు ఉంటుందంటే, ముందు కత్తి అంచును కోసి సమం చేస్తుంది, తర్వాత దారం ఒక సన్నటి లోహపు నాలుక మీదుగా అల్లుకొని ఆపైన జారి బయటికి వస్తుంది. ఆ నాలుకే బట్టను ముడుచుకోనివ్వదు. ఈ ఫుట్ మీది పుల్ల చేసేది అదే పని. అంచును దానికి ఆనించి నడిపితే దారం పుల్ల మీదుగా పడుతుంది, బట్ట చదునుగానే ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. మామూలు ఫుట్‌కు వెడల్పు తగ్గించాం కదా, ఈ ఫుట్‌కు మళ్ళీ 5కి పెంచాలి. తగ్గించి ఉంచితే సూది పుల్ల దాటకుండా నేరుగా దాని మీద పడి విరుగుతుంది. మోటారు ఆన్ చేసే ముందు చక్రాన్ని చేత్తో తిప్పి, సూది రెండు వైపులా పుల్లను తగలకుండా దిగుతోందో లేదో చూసుకోమన్నాను. విరిగిన సూది ముక్క ఎగిరి కంటి దగ్గరికి రావడం నా బ్యాచ్‌లలో చూశాను కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను.

వెంకటగిరి జాకెట్టుకు తాడులా గట్టిపడిన అంచును విప్పాలని ఆమె కూర్చుంది. వద్దన్నాను. అంత సన్నటి నూలు మీద జిగ్‌జాగ్ విప్పితే కుట్టుతో పాటు బట్ట కూడా చిరుగుతుంది. మార్జిన్ చాలినంత ఉంది కాబట్టి ఆ తాడును కత్తెరతో కోసేసి, కొత్త అంచుకు ఆ ఫుట్‌తో వేశాం. చంకలో కుట్టును చెయ్యి, ఒళ్ళు కలిపి పావంగుళానికి కత్తిరించి, రెండూ కలిపే జిగ్‌జాగ్ వేసి, చేతివైపు మడిచి ఇస్త్రీ చేశాం. చంక గుండ్రం కొంత ఏటవాలు కోత. ఏటవాలు అంచు ఎటూ తక్కువ ఊడుతుంది కాబట్టి అక్కడ ఒత్తుగా వేయాల్సిన పనిలేదు. గుచ్చుకోవడం పోయింది.

పట్టు జాకెట్టు మొండికేసింది

అదే ఫుట్, అదే సెట్టింగులతో పట్టు ముక్క మీద వేసి, గోటితో లాగి చూశాం. మొత్తం జిగ్‌జాగ్ మళ్ళీ పోగులతో సహా జారి వచ్చేసింది. ఆమె మొహం మాడిపోయింది.

ఆ జారిన దండను తీసి వెలుతురులో పెట్టి ఇద్దరం చూశాం. నేతలో ఏ పోగు ఎటు పోతోందో చూస్తే కారణం కనిపించింది. జాకెట్టు పక్క అంచుకు సమాంతరంగా పడుగు పోగులు నడుస్తాయి. పేక పోగులు అడ్డంగా వచ్చి ఆ అంచు దగ్గర తెగి ఆగుతాయి. జిగ్‌జాగ్ పట్టుకున్నది ఆ పేక పోగుల చివరి 5 మిల్లీమీటర్లను మాత్రమే. నూలు పోగుకు ఒంటి మీద నూగు ఉంటుంది, ఒకదానికొకటి పట్టుకుంటాయి, కాబట్టి అక్కడ 5 మిల్లీమీటర్లు చాలు. పట్టుపోగు నున్నన. పట్టుకునేదేమీ లేక పడుగు పోగులు జిగ్‌జాగ్‌తో కలిసి పేక కొసల మీదుగా జారిపోయాయి. కుట్టు బలంగా ఉన్నా లాభం లేదు, అది పట్టుకున్న బట్టే జారుతోంది.

ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన కుట్టు పొడవు బాగా తగ్గించి ఒత్తుగా వేయడం. అది చేసి చూశాం. సూది రంధ్రాలు దగ్గరదగ్గరగా పడి ఆ గీత వెంబడి బట్ట తెగేలా తయారైంది. ఇంటి దగ్గర తను టిష్యూ ముక్క మీద కొవ్వొత్తితో అంచు కాల్చి చూశానని కూడా అప్పుడే చెప్పింది. పాలిస్టర్ కలిసిన బట్ట కాబట్టి కరిగి అతుక్కుంది, కానీ ఎండిన జిగురులా గట్టిపడి చర్మానికి గీసుకుంది. అసలు పట్టును, నూలును కాలిస్తే కాలడమే తప్ప కరగదు. ఒంటిని తగిలే చోట ఈ పద్ధతి వద్దేవద్దు.

పనిచేసింది ఇది. ముక్క కోసిన వెంటనే, దాన్ని అటూ ఇటూ తిప్పక ముందే, బట్టను లైనింగ్‌తో కలిపి అంచుకు పావంగుళం లోపల చిన్న పొడవుతో ఒక నేరు కుట్టు. ఆ గీత పేక పోగులను జిగ్‌జాగ్‌కు లోపలివైపు నుంచి పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత పక్క కుట్టు వేసి, ముందు వెనక నాలుగు పొరలూ కలిపి జిగ్‌జాగ్. నాలుగు పొరలుంటే ముడుచుకునే ప్రశ్నే లేదు. విడివిడిగా వేస్తే ఇస్త్రీకి చదునుగా వస్తుందన్న మాట నిజమే, కానీ పట్టు జాకెట్టులో చదును కన్నా అంచు గట్టిగా నిలవడం ముఖ్యం అనిపించి కలిపి వేయించాను. మామూలు జిగ్‌జాగ్ బదులు, ఒక్కో వంపులో మూడు చిన్న కుట్లు పడే చుక్కల జిగ్‌జాగ్ ఆమె మిషన్లో ఉంది. దానికి మామూలు ఫుట్ పెట్టి అదే వాడాం. లాగుడు ఒక్క చోట పడకుండా పంచుకుంటుంది.

గోటి పరీక్ష నెగ్గింది. కానీ గోటిని నమ్మి గిరాకీ బట్ట మీదికి పోకూడదు కదా. మిగిలిన పట్టు ముక్కలకు రకరకాలుగా వేసి, దిండు గలీబులో పెట్టి మూతి కట్టి, వాషింగ్ మిషన్లో జీన్స్ ప్యాంట్లతో కలిపి తిప్పించాను. మామూలుగా పట్టుజాకెట్టును ఎవరూ అలా ఉతకరు. అలా ఉతికినా నిలిస్తే ఇంట్లో చేత్తో ఉతికితే నిలిచినట్టే. జిగ్‌జాగ్ ఒక్కటే వేసిన ముక్క కుచ్చయింది. నేరు కుట్టు, జిగ్‌జాగ్ రెండూ ఉన్నది ఒకటి రెండు పోగుల దగ్గర ఆగింది.

పాడైన ఆ జాకెట్టును మాత్రం పూర్తిగా వెనక్కి తేలేం. మిగిలిన మార్జిన్‌కు ఈ పద్ధతి వేసి ఆపాం. ఇక లూజు చేయడానికి లోపల బట్ట లేదని గిరాకీకి ముందే చెప్పి ఇవ్వమన్నాను. చెప్పకుండా ఇస్తే ఏడాది తర్వాత విప్పిన రోజు మళ్ళీ గొడవ.

టిష్యూ జాకెట్టు: జిగ్‌జాగ్‌కు సంబంధం లేని కేసు

మూడో జాకెట్టు అంచును ముట్టుకోలేదు. అంచు బాగుంది. ఆ జాకెట్టు వేసుకునేవాళ్ళ కొలతకు వీపు బిగుతుగా పడింది. ఊపిరి పీల్చినప్పుడల్లా, చెయ్యి ముందుకు చాచినప్పుడల్లా లాగుడంతా కుట్టు మీదికి వచ్చి, జారే పోగులు కుట్టు దగ్గర విడిపోయాయి. దీనికి అంచున ఎన్ని జిగ్‌జాగ్‌లు వేసినా ప్రయోజనం లేదు. ఆమె అప్పటికే రెండోసారి జిగ్‌జాగ్ వేసి ఇచ్చింది. గిరాకీ మళ్ళీ తెచ్చింది.

ఒక కుట్టు విప్పి లూజు చేశాం. విడిపోయిన చోట లోపలినుంచి ఇస్త్రీతో అతికే పల్చటి పేస్టింగ్ పట్టీ వేసి ఆపాం. పైకి ఆ గీత తెలియకుండా అదే చీర ముక్కతో సన్న పట్టీ కప్పాం. ఇక ముందు అలాంటి బట్టలకు లైనింగ్‌ను బట్ట కంటే కొద్దిగా తక్కువగా కోసి, బట్టను దాని మీద కాస్త వదులుగా కూర్చి కుట్టమని చెప్పాను. లాగుడు లైనింగ్ మోస్తుంది, పై బట్ట ఊరికే కప్పుకొని ఉంటుంది. లైనింగ్ ముందే తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పై బట్ట ముడతలు పడుతుంది.

బట్ట కోయక ముందే ఈ జారుడు కనిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. బట్టను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకొని అడ్డంగా లాగాలి. పోగులు విడిపోయి, వదిలాక కూడా సందు అట్లాగే ఉంటే, బిగుతుగా కుట్టనని ఆ గిరాకీకి అక్కడే చెప్పాలి.

ఇప్పుడు ఏం చేస్తోంది

ఆమె మిషన్ అమ్మలేదు. మిషన్ పక్క గోడకు అట్టముక్క ఒకటి మేకుకు తగిలించింది. దానికి నూలు, పట్టు, టిష్యూ, జార్జెట్ ముక్కలు జిగ్‌జాగ్ వేసినవి కుట్టి, ఒక్కోదాని పక్కన సూది నంబరు, వెడల్పు, పొడవు, టెన్షన్ రాసింది. కొత్త బట్ట వస్తే ముందు కత్తిరింపు ముక్క మీద వేసి, గోటితో లాగి, ఆ అట్టకు కలుపుతుంది. జార్జెట్ ముక్కకు ఎదురుగా సెట్టింగులు లేవు, అడ్డగీత గీసింది. లైనింగ్ లేని జార్జెట్‌కు జిగ్‌జాగ్ వద్దని, అంచును లోపలికి మూసేలా రెండుసార్లు కుట్టే ఫ్రెంచ్ కుట్టు వేయమని చెప్పాను. నెట్ బట్టకు, టీషర్టు బట్టకు ఊడే గొడవే లేదు. టీషర్టు బట్టకు జిగ్‌జాగ్ వేస్తే, కుట్టు బట్టతో పాటు సాగడం కోసం.

కుట్టేటప్పుడు బట్టను వెనకనుంచి లాగే అలవాటు ఆమెకు ఇంకా పూర్తిగా పోలేదు. కాలు మిషన్ మీద వచ్చిన అలవాటు. లాగితే జిగ్‌జాగ్ మెట్లు సాగిపోయి అంచు అలలు అలలుగా వస్తుంది. ఫుట్ కింద ఉండే మిషన్ పళ్ళు తమంతట బట్టను నడుపుతాయి, చేతులు దారి చూపిస్తే చాలు. ఈ ఒక్కటి చెబితే పోదు, కుట్టగా కుట్టగా పోతుంది.

స్కూలు యూనిఫాంలు మొత్తంగా వచ్చినప్పుడు ఇప్పటికీ టౌనుకు ఓవర్‌లాక్‌కు పంపుతుంది. అన్ని ముక్కలకు ఆ వేగం జిగ్‌జాగ్‌కు రాదు. మగ్గం వర్క్ జాకెట్లలో పూసలు అంచుదాకా వచ్చిన చోట ఏ ఫుట్టూ ఎక్కదు. అక్కడ ఆమె పూసలు రెండు మూడు విప్పి, దారం కొసలు ముడివేసి, అంచును చేత్తోనే ఏటవాలు కుట్టుతో చుడుతోంది. దానికి వేరే రేటు.